ఎర్ర రుమాలు ముంగిస

ఆ సినిమా పేరు చెప్పను. చెప్తే మీలో సగం మంది "అయ్యో, ఎంత బాగుంటుందో" అంటారు, నాకు ఒళ్ళు మండుతుంది. బాగుంటుందని నాకూ తెలుసు. ముంగిసల బొమ్మల సినిమా అది. ఇంటిల్లిపాదీ కలిసి చూడదగ్గదని పోస్టరు మీదే రాశారు. మేమూ ఇంటిల్లిపాదీ వెళ్ళాం, ఒక్క మనిషి తప్ప. ఆ ఒక్క మనిషి బతికున్నాడో లేదో తెలియకుండా సగం సినిమా చూశాను. కాబట్టి దాని మంచిచెడ్డలు నాకు తెలిసినంతగా తీసినవాళ్ళకు కూడా తెలియవని నా నమ్మకం.

మాది పోతిరెడ్డిపల్లిలో రెండు పోర్షన్ల కిరాయి ఇల్లు. రెండింటికీ మధ్య ఒకటే గోడ, అదీ సన్న గోడ. ఇటు మేం నలుగురం: నేను, మా ఆయన, పాప, అత్తమ్మ. అటు ఒక జంట. వాళ్ళకు పెళ్ళయి రెండేళ్ళు, పిల్లలు లేరు. ఆ అమ్మాయి నన్ను అక్కా అంటుంది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మిషను చప్పుడు ఆగితే చాలు, "ఏమైందక్కా, దారం తెగిందా?" అని గోడ అవతలి నుంచి అడుగుతుంది. ఆమె భర్త నన్ను వదినా అనేవాడు, నేనూ మరిది వరసే కలిపేదాన్ని. మా ఆయనా అతనూ పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో పని చేసేవారు. ఒకే షిఫ్టు, ఒకే కంపెనీ బస్సు, బ్లాకులు మాత్రం వేరు. ఇద్దరి ఊళ్ళూ పక్కపక్కనే. ఇద్దరికీ పొలాలున్నాయి కానీ పొలం మీద ఇల్లు గడిచే రోజులు పోయాయి. మరిదిని ఆ కంపెనీలో పెట్టించింది మా ఆయనే.

కంపెనీ లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. అక్కడ వాడే సాల్వెంట్లకు, అంటే ఇట్టే అంటుకునే ద్రవాలకు, ఫోను నిప్పురవ్వతో సమానమట. పొద్దున ఆరింటికి గేటు దగ్గర అరలో స్విచ్చాఫ్ చేసి పెట్టి, తాళం వేసుకుని లోపలికి పోవాలి. అందుకని మా రెండిళ్ళలో ఒక పద్ధతి ఉండేది. పదకొండింటికి చాయ్ తాగే టైములో ఇద్దరూ గేటు దాకా నడిచి వచ్చి, ఫోన్లు తీసి, ఇంటికి ఒక్క రింగు ఇచ్చి కట్ చేసేవారు. ఒక్క రింగు అంటే బాగున్నానని. రెండు రింగులైతే ఓవర్‌టైం ఉంది, మధ్యాహ్నం అన్నానికి చూడొద్దని. ఎత్తకూడదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఎత్తి "హలో" అన్నందుకు, "ఎందుకెత్తినవే, చాయ్ సల్లారిపాయె" అని పొద్దుగూకే దాకా అలిగాడు. ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు.

మమ్మల్ని చూసి పక్కింటివాళ్ళూ అదే పట్టుకున్నారు. పదకొండు కాగానే ముందు నా ఫోను మోగేది, వెనకే గోడకు అటు ఆమె ఫోను. "మోగింది అక్కా" అనేది ఆమె. "ఆఁ, నాక్కూడ" అని నేను మళ్ళీ మిషను తొక్కేదాన్ని. రోజుకు ఆ ఒక్క నిమిషమే మా భయం. మిగతా రోజంతా మామూలు సంసారం.

పాప ఎనిమిదో పుట్టినరోజు ఆదివారం పడింది. మా ఆయనకు ఆ రోజు డ్యూటీ ఉంది. "నేను రాలేను గని మీరు పోయిరాండ్రి. మాపటికి అందరం కలిసి కేకు కోద్దాం" అన్నాడు. పాప మూతి ముడుచుకుంది, తండ్రి బస్సెక్కే దాకా మాట్లాడలేదు. పక్కింటి అమ్మాయిని కూడా సినిమాకు రమ్మన్నాను. "బొమ్మల సినిమాకు నేనేం జేస్తనక్కా! పాపకు భక్షాలంటే పానం గద, మీరు వచ్చేసరికి చేసి పెడత" అంది. అప్పటికే పూర్ణానికి శనగపప్పు నానబోసిందట.

సంగారెడ్డిలో పదిన్నర ఆటకు వెళ్ళాం. అత్తమ్మ బొమ్మల సినిమా చూడటం అదే మొదలు. తెర మీద ముంగిస మాట్లాడటం చూసి, "మనుషులు దొరుకలేదా గీళ్ళకు, ముంగిసలతోటి యాక్షన్ జేపిస్తున్నరు" అంది. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు.

కథ ఇది. ఒక గుట్ట కింద ముంగిసల ఊరు. తండ్రి ముంగిస ఊరందరి కోసం సొరంగాలు తవ్వే పనివాడు. కూతురు వాగుడుకాయ. నానమ్మకు ఒక చెవి వినబడదు, ఎవరు పలకరించినా ఆ వినబడని చెవినే అటు పెడుతుంది. తల్లి ముంగిస బొరియ గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడుతుంది. తండ్రితో పాటు పనికి పోయేవాళ్ళలో తలకు ఎర్ర రుమాలు చుట్టుకున్న ముంగిస ఒకడుంటాడు. వాడు నోరు తెరిస్తే థియేటరంతా నవ్వే. వాన పడుతుంది, సొరంగం కూలుతుంది, తండ్రి లోపల చిక్కుకుంటాడు, కూతురు పోయి తెస్తుంది. ముగింపు చెప్పేశానని తిట్టుకోకండి. ఇలాంటి సినిమాల చివర ఏమవుతుందో టికెట్ కొనేటప్పుడే అందరికీ తెలుసు, తెలుసు కనకనే కొంటాం.

మొదటి అరగంట నాకు నిజంగా నచ్చింది. తండ్రి మాటిచ్చి తప్పితే ఆ కూతురు ఏడవదు. ఆయన పలుగు తీసుకుపోయి ముళ్ళకంపలో దాచేస్తుంది. సినిమాల్లో పిల్లలు ఎప్పుడు చూసినా కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని పెద్దవాళ్ళలా మాట్లాడతారు, అలాంటి పిల్లను ఏ ఇంట్లోనూ చూడలేదు నేను. పిల్లలకు ముందు వచ్చేది కోపం. ఆ సంగతి తెలిసినవాడే ఆ కథ రాశాడు. వాన కూడా బాగా గీశారు. చినుకు పడకముందే మట్టి రంగు మారిపోతుంది, చీమలు గుడ్లు మోసుకుంటూ గుట్ట ఎక్కుతాయి. అత్తమ్మ కుర్చీలో ముందుకు జరిగి, "గట్లనే అయితది, గట్లనే" అంది. యాభై ఏళ్ళు పొలంలో గడిపిన మనిషి చేత ఆ మాట అనిపించుకోవడం చిన్న విషయం కాదు.

ఫోను వైబ్రేట్‌లో పెట్టి గుప్పిట్లో పట్టుకున్నాను. పదకొండయింది. ఫోను కదల్లేదు. చాయ్ ఆలస్యమైందేమో అనుకున్నాను. పదకొండుంబావు. ఒకసారి కాంటీన్‌లో పాలు విరిగిపోయి గేటుకు ఆలస్యంగా వచ్చారు, అదీ గుర్తు చేసుకున్నాను. తెర మీద కాకి, అంటే ఆ సినిమాలో దుర్మార్గుడు, పాట పాడుతోంది. పిల్లలు ఈలలు వేస్తున్నారు.

అప్పుడు ఫోను వణికింది. ఆయన కాదు, మా కాలనీ ఆడవాళ్ళ గ్రూపు. ఒక ఫోటో పెట్టారు. చెట్ల వెనక నల్లటి పొగ నిలువునా లేచి ఉంది. కింద "పటాన్‌చెరు దిక్కు ఏదో కంపెనీల పేలిందంట" అని రాశారు. ఆ వెంటనే ఇంకొకరు ఇరవై మంది పోయారన్నారు, ఇంకొకరు టైర్లు కాలుతున్నాయి అంతే అన్నారు. కోతి పుండును బ్రహ్మరాక్షసి చేయడంలో మా గ్రూపును మించింది లేదు. ఒక్క ముక్క కూడా నమ్మకూడదు అనుకుంటూనే ఒక్కొక్క ముక్కా చదివాను. ఎవరో కంపెనీ పేరు రాశారు. మాదే.

పాపతో నీళ్ళు తాగొస్తానని చెప్పి బయటికొచ్చాను. ఆయనకు ఫోను చేశాను. స్విచ్చాఫ్ అని వచ్చింది. ఆ గొంతు ఎప్పుడూ చెప్పే మాటే అది. ఆ పదకొండింటి నిమిషం తప్ప, ఆరింటి నుంచి రెండింటి దాకా రోజూ ఆ ఫోను స్విచ్చాఫే. ఆయన బాగున్న రోజూ అదే మాట, ఇవాళా అదే మాట. ఆ మాటను ఎలా వినాలో నాకు అర్థం కాలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే. గేటు నంబరుకు చేస్తే బిజీ. సమోసాల వాడు "మేడం, సాస్ కావాలా?" అంటున్నాడు, నేనేదో కొన్నాననుకున్నట్టున్నాడు. నా చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు.

చేతిలో ఉండగానే మోగింది. పక్కింటి అమ్మాయి.

"అక్కా, మోగిందా?"

"లే. నీకు?"

"లే అక్కా. ఫోటో సూసినవా?"

"సూసిన."

వెనకనుంచి కుక్కర్ విజిల్ వినబడింది. "ఎవరికి ముందు మోగినా రెండోటోళ్ళకు జెప్పాలె అక్కా. సరేనా?" అంది.

"సరే" అన్నాను. నేనే అన్నాను ఆ మాట.

లోపలికి వచ్చి కూర్చుంటే అత్తమ్మ తెర వైపే చూస్తూ, పాపకు వినబడకుండా, "మోగలే గదా" అంది. ఆమె చేతికి గడియారం లేదు. థియేటరు చీకట్లో పదకొండు దాటిందని ఆమెకు ఎలా తెలిసిందో! అయితే ఇన్నాళ్ళూ, మేం మిషను దగ్గరా పొయ్యి దగ్గరా ఆ రింగు కోసం చెవులు రిక్కించి ఉంటే, వరండాలో బియ్యం చెరుగుతూ ఆమె కూడా అదే చేసిందన్నమాట. నేనెప్పుడూ గమనించలేదు.

"పోదాం లే అత్తమ్మా" అన్నాను.

"యాడికి పోతవ్? గేటు కాడ పోలీసోళ్ళు లోపలికి రానియ్యరు. పిల్లను తీస్కపోయి ఆ పొగల నిలబెడతవా? దాని పుట్టిన్రోజు. కూసో."

"కూసుంటే ఆగుతలేదు అత్తమ్మా."

"నాకు ఆగుతుందా? వాడు నాకేమన్న పరాయోడా? కూసో."

కూర్చున్నాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కీడు ఎంచడం నాకు బాగానే చేతనైంది. మేలు దాకా రాలేకపోయాను. ఇంటర్వెల్‌లో పాప పాప్‌కార్న్ అడిగితే కొనిచ్చాను. చిల్లర తీసుకోవడం మరిచిపోతే ఆ అమ్మేవాడే వెనక నుంచి పిలిచి ఇచ్చాడు.

రెండో సగం మొదలైన కాసేపటికే సొరంగం కూలింది. అక్కడ ఆ సినిమా గొప్ప పని ఒకటి చేసింది. సంగీతం పూర్తిగా ఆపేశారు. అర నిమిషం పాటు ఏమీ లేదు, మట్టి జారే చప్పుడు తప్ప. థియేటరులో ఏడ్చే పిల్లలు కూడా ఏడుపు ఆపేశారు. పాప నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆ చేతిలోనే ఫోను ఉంది. ఇద్దరి అరచేతుల మధ్య అది చెమటతో తడిసింది, కదలకుండా ఉంది. నా జీవితంలో ఏ సినిమా చూస్తూనూ నేను అంత భయపడలేదు.

ఆ తర్వాత మాత్రం అంతా పాడు చేశారు. తల్లి ముంగిస గుమ్మంలోకి వచ్చి, దీపం ఎత్తి పట్టుకుని పాట అందుకుంది. నీ పాట పాడుగాను! మొగుడు మట్టి కింద ఉంటే ఎవతైనా అంత శ్రుతిలో పాడుతుందా? నాకు అరవాలనుంది, ఎవరినో ఒకరిని కొట్టాలనుంది. ఆయన్ని ఆ పనిలో చేరమన్న రోజును తిట్టాలనుంది. ఆ తల్లికి మొత్తం సినిమాలో ఒక్క కోపం లేదు, ఒక్క తిట్టు లేదు, ఒక్క పని లేదు. నిలబడటం, చిరునవ్వు నవ్వడం, దీపం పట్టుకోవడం. ఎదురుచూడటం అంటే అది కాదని ఆ సినిమా తీసినవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళను అడిగితే చెప్పి ఉండేవాళ్ళు.

కాకి సంగతి ఇంకా అన్యాయం. సినిమా మొదటి నుంచీ గుట్టను ముంచాలని చూసిన కాకి, కూతురు ముంగిస కన్నీటి బొట్టు ఒకటి ముక్కు మీద పడగానే మారిపోయింది. మా ఇంటి ఓనరుకు అలాంటి బొట్టు ఒకటి దొరికితే బాగుండును. ఇలాంటివన్నీ మామూలుగా అయితే నవ్వి ఊరుకునేదాన్ని. ఆ రోజు ప్రతి అబద్ధమూ నన్నే ఎగతాళి చేస్తున్నట్టు అనిపించింది.

పన్నెండూ పది నిమిషాలకు ఫోను వణికింది. తెలియని నంబరు. ఒక్క రింగు. కట్.

నేను లేచిన వేగానికి పాప పాప్‌కార్న్ అంతా కింద పడింది. బయటికి పరుగెత్తి అదే నంబరుకు చేశాను. బిజీ. మళ్ళీ చేశాను. మూడోసారికి ఎవరో ఎత్తారు, హిందీ మనిషి. వెనక సైరన్లు, అరుపులు. "హాఁ మేడం, ఆప్ కా ఆద్మీ ఠీక్ హై. మేరా ఫోన్ లేకే కియా. అభీ ఉధర్ గయా" అన్నాడు. మా ఆయన బాగున్నాడట, అతని ఫోను తీసుకుని చేసి ఇప్పుడే అటు పోయాడట. ఠీక్ హై. ఆ రెండు మాటలు పట్టుకుని గోడకు ఆనుకున్నాను. "థాంక్స్ భయ్యా, థాంక్స్" అన్నాను.

ఇంకొక్క మాట అడగవచ్చు. పక్క బ్లాకులో ఫలానా మనిషి ఉన్నాడు, మా మరిది, అతనెలా ఉన్నాడని. నాకు ఆ పాటి హిందీ వచ్చు. అతను ఫోను పెట్టెయ్యలేదు కూడా, ఒక క్షణం ఆగాడు. నేనే పెట్టేశాను.

లోపలికి వచ్చేసరికి అత్తమ్మ నా ముఖం చూసి కొంగు కళ్ళకు అద్దుకుంది. నేను కూర్చున్నాను. తెర మీద తండ్రి ముంగిస మట్టిలోంచి తల బయటపెట్టాడు, కూతురు వెళ్ళి మెడకు చుట్టుకుంది, తల్లి దీపం కింద పెట్టి పరుగెత్తింది. థియేటరంతా చప్పట్లు. సినిమాలు చూసి ఏడ్చేవాళ్ళను ఇన్నాళ్ళూ ఆటపట్టించిన నేను వెక్కి వెక్కి ఏడ్చాను. చప్పట్లు కూడా కొట్టాను, అందరికంటే గట్టిగా. ఆ పది నిమిషాలూ ప్రపంచంలో అంతకంటే మంచి సినిమా లేదు నాకు.

ఆ పది నిమిషాల్లో ఫోను మూడుసార్లు వణికింది. ఒక్కొక్క రింగు కాదు, పొడవుగా, ఆగిపోయేదాకా. పక్కింటి అమ్మాయి. పేరు చూశాను, ఎత్తలేదు. సినిమా హాల్లో మాట్లాడకూడదు కదా అని చెప్పుకున్నాను. అంతకు ముందే రెండుసార్లు బయటికి పోయి మాట్లాడి వచ్చినదాన్ని. మరిచిపోయానని తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. నాకు మోగిందని చెప్తే, తనకు మోగలేదని ఆమె అంటుంది. ఆ మాట వినడం నాకు ఇష్టం లేదు. నా సంతోషాన్ని కాసేపు ఎవరూ ముట్టుకోకుండా ఉంచుకోవాలనుకున్నాను.

లైట్లు వేశారు. అందరూ లేస్తుంటే పాప మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "మమ్మీ, ఎర్ర రుమాలు ముంగిస ఏమైండు?" అంది.

"వచ్చుంటడు తియ్యి."

"రాలే. నేను సూసిన. అందరు డాన్స్ జేసేటప్పుడు గూడ లేడు. వాడు గూడ సొరంగంలకు పోయిండు కదా?"

"నడువ్ జల్దీ!" అని భుజం పట్టి లేపాను. పుట్టినరోజు నాడు పిల్ల మీద అరిచాను.

ఆటో దిగేసరికి పక్కింటి అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. చేతులకు పిండి అలాగే ఉంది. "మోగిందా అక్కా?"

"మోగింది" అన్నాను. "ఇప్పుడే, ఆటోల వస్తుంటే." అబద్ధం అడక్కుండానే వచ్చింది నోటికి. అత్తమ్మ నా వైపు ఒకసారి చూసి లోపలికి పోయింది.

ఆమె ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "హమ్మయ్య! అయితే ఈయన గూడ మంచిగనే ఉండి ఉంటడు. ఇద్దరు కలిసే గద గేటు దాక వచ్చేది. ఫోన్ దొరకలేదేమో, అన్న ఒక్కడే చేసిండు" అంది. లోపలికి పరుగెత్తి పళ్ళెంలో భక్షాలు తెచ్చి, ఒకటి తుంచి ఊది పాప నోట్లో పెట్టింది. నాక్కూడా ఒకటి ఇచ్చింది. నేను తిన్నాను. నా రింగులో సగం తనది అనుకుంది ఆమె. నేను కాదనలేకపోయాను.

మూడు గంటలకు మా ఆయన ఎవరి బండి మీదో వచ్చాడు. ముఖమంతా మసి, ఒక కాలికే బూటు. పాప పరుగెత్తి నడుముకు చుట్టుకుంది, అచ్చం సినిమాలో లాగే. ఆయన మాత్రం పాప తల మీదుగా పక్క గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఆమె నిలబడి, ఆయన్ని దాటి రోడ్డు వైపు చూస్తోంది, వెనక ఇంకో బండి వస్తుందని.

"చెల్లే, నడువు. దవాఖానకు పోదాం" అన్నాడు ఆయన. ఆమె చేతులు కడుక్కోకుండానే ఆ బండి ఎక్కింది.

మూడో రోజు పొద్దున ఆసుపత్రి నుంచి మాట వచ్చింది. ఆ తర్వాతి సంగతులు రాయను. అవి ఆమెవి.

కర్మలన్నీ అయ్యాక ఒకరోజు నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట మాట్లాడితే నీ సొమ్మేం పోయేది? అంత పెద్ద అగ్గి మండుతుంటే గూడ ఒక్క రింగేనా? నేను ఎట్ల సచ్చి బతికిన్నో తెలుసా?"

ఆయన గోడ వైపు తిరిగాడు. "మాట్లాడితె నువ్వు అడుగుతవ్. తమ్ముడు ఎట్లున్నడని అడుగుతవ్. ఏం జెప్పాలె నేను? గందుకే ఒక్కటిచ్చి కట్ జేసిన" అన్నాడు.

నేను అడగనందుకూ ఆయన చెప్పనందుకూ కారణం ఒకటే. ఇద్దరం ఒక్క రింగు చాటున దాక్కున్నాం.

సెలవులయ్యాక పాప బడిలో ఒక కాగితం ఇచ్చారు. ఈ మధ్య చూసిన సినిమా గురించి ఒక పక్క నచ్చినవి, ఇంకో పక్క నచ్చనివి రాసుకు రమ్మన్నారు. నచ్చినవాటి కింద పాప వాన, నానమ్మ చెవి, పలుగు దాచడం అని వరసగా రాసింది. నచ్చనివాటి కింద ఒక్కటే రాసింది: "ఎర్ర రుమాలు ముంగిస ఇంటికి రాలేదు. వాళ్ళింట్లో ఎవరున్నారో చూపించలేదు. ఎవరూ అడగలేదు."

నేను ఇంకో కాగితం తెచ్చి, కాకి పాట నచ్చలేదని రాయించి బడికి పంపాను. మొదటి కాగితం నా దారాల డబ్బాలో ఉంది. ఆ సినిమాలో ఉన్న అసలు లోపం అదే, ఎనిమిదేళ్ళ పిల్ల పట్టుకుంది. ఒక్క ఇల్లు నవ్వితే చాలు, కథ అయిపోయింది, లైట్లు వెయ్యండి అన్నారు. కానీ వాళ్ళను నేను ఏ నోటితో తిట్టను? పక్క బొరియ సంగతి అడక్కుండా చప్పట్లు కొట్టినదాన్ని నేనే కదా.

పక్కింటి అమ్మాయి పుట్టింటికి పోయి రెండు నెలలకు తిరిగి వచ్చింది. సుల్తాన్‌పూర్‌లో సిరంజిలు ప్యాక్ చేసే కంపెనీలో పని దొరికింది, మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున పూట ఇంట్లోనే ఉంటుంది. మా ఆయన కంపెనీ కూడా మళ్ళీ తెరిచారు, కాలిన బ్లాకు తప్ప. "పోకుంటె ఎట్ల" అన్నాడాయన. మళ్ళీ ఆరింటి బస్సు, మళ్ళీ పదకొండింటికి ఒక్క రింగు.

ఆమె వచ్చిన రోజు నుంచే నేను ఫోను సైలెంట్‌లో పెట్టాను. గోడ సన్నం. పదకొండు అవుతుండగా మిషను ఆపకుండా తొక్కుతూ, ఫోను ఒళ్ళో పెట్టుకుని చూసేదాన్ని. వెలుగు వచ్చి పోగానే గుండె నిమ్మళించేది, చప్పుడు లేకుండా. పెద్ద మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. అలా పది పన్నెండు రోజులు గడిచాయి.

ఒకరోజు పదకొండుంబావుకు తలుపు దబదబా బాదిన చప్పుడు. తెరిస్తే ఆమె. జుట్టు సగం అల్లి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, అన్న మంచిగున్నడా?"

"మంచిగున్నడు. ఏమైందే?"

"మరి నీ ఫోన్ ఎందుకు మోగుతలేదు? దినాం పదకొండు దాటుతది, మోగదు. నువ్వు మిషన్ తొక్కుతనే ఉంటవు. నీకు గూడ నా గతే పట్టిందా, నాకు జెప్తలేవా అని గోడకు చెవి పెట్టి సచ్చిపోతున్న."

"నువ్వు ఇంటే బాధ పడతవని సైలెంట్‌ల పెట్టిన" అన్నాను. ఆ రోజు సినిమా హాల్లో ఫోను ఎత్తనందుకు ఒక్క మాట కూడా అనని మనిషి, ఈసారి మాత్రం నన్ను తిట్టింది.

"నీకేమన్న పిచ్చా అక్కా? నాది ఎట్లాగు మోగదు. నీదన్న మోగనియ్యి. అది ఇనకుంటె నాకు పానం ఆగుతలేదు."

ఆమె ఎదురుగానే సైలెంట్ తీసేశాను. చేతులు పట్టుకుని, ఆ రోజు ఆటోలో మోగిందని అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. "ఎరుకే" అంది. "పాప అప్పుడే జెప్పింది. సినిమాల ఫోన్ మోగంగనే నువ్వు ఉరికితె పాప్‌కార్న్ కింద పడ్డదని."

మర్నాడు పదకొండింటికి నేను మిషను ఆపి కూర్చున్నాను. అత్తమ్మ చేటలో బియ్యం కదపడం మానేసింది. గోడకు అటు కూడా ఏ చప్పుడూ లేదు. పదకొండూ మూడు నిమిషాలకు ఫోను మోగింది. ఒక్కటే రింగు, ఇల్లంతా వినబడేలా.

నేను నోరు తెరవకముందే గోడ అవతలి నుంచి గొంతు వచ్చింది.

"మోగింది అక్కా."